కొట్టాయం నుండి తెచ్చుకొన్న తెల్లకూర

ఊరు చూడబోయినవారు ఊరక తిరిగి రారు. కొందరు చీరలు తెస్తారు, కొందరు గవ్వల దండలు తెస్తారు. కేరళ వెళ్ళినవారైతే అరటికాయ చిప్సు, ఏలకులు, మిరియాలు తప్పక మూట కట్టుకొంటారు. మేమూ కట్టుకొన్నాము. చిప్సు గుంటూరులో రైలు దిగకముందే అయిపోయినవి. ఏలకులు ఒక ఏడాది వచ్చినవి. 2017 జనవరిలో చేసిన ఆ ప్రయాణము నుండి ఈనాటికీ మా యింట మిగిలి ఉన్నది ఒక కూర. ఆ కూరను గూర్చి, అది పుట్టిన సీమను గూర్చి ఈ నాలుగు మాటలు.

మేము బందరు వారము. నాతో కలిసి బడిలో పనిచేసే స్నేహితురాలి పుట్టిల్లు కొట్టాయం. మన ఇంగ్లీషు మీడియం బడులలో మలయాళీ టీచర్లు, మిషను ఆసుపత్రులలో మలయాళీ నర్సులు లేని చోటు అరుదే గదా! సంక్రాంతి సెలవులకు “మా అమ్మను ఒక్కసారి చూచి రండి” అని ఆమె పట్టుబట్టింది. మామగారు, అత్తగారు, మా వారు, పిల్లలిద్దరు, నేను, మొత్తము ఆరుగురము గుంటూరులో సాయంకాలము శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. మరునాడు కోయంబత్తూరు దాటి పాలక్కాడు కనుమలో ప్రవేశించగానే కిటికీలోని రంగు మారింది. అంతవరకు ఎండిన చేలు, తాటిచెట్లు. అక్కడినుండి పచ్చదనమే పచ్చదనము. మధ్యాహ్నము కొట్టాయంలో దిగాము.

కొట్టాయం మాకు పరాయి ఊరనిపించలేదు. ఒక విధమైన చుట్టరికమున్నది. చర్చ్ మిషనరీ సొసైటీ వారు అక్కడ 1817లో ప్రారంభించిన సి.ఎం.ఎస్. కళాశాల నేటికీ నడుస్తున్నది. బెంజమిన్ బెయిలీ దొర మలయాళ అచ్చు అక్షరములు సిద్ధము చేయించి, 1829లో క్రొత్త నిబంధనను ఆ ఊరిలోనే అచ్చువేశాడు. ఆ సొసైటీ నుండే రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు 1841లో మా బందరుకు వచ్చారు. నోబుల్ కాలేజీలో చదువుకొన్న మా మామగారు కొట్టాయం కళాశాల ఆవరణలో చెట్లక్రింద నిలబడి, “వీళ్ళు మనకు అన్నగార్లన్నమాట” అన్నారు. 1989లో దేశము మొత్తము మీద సంపూర్ణ అక్షరాస్యత సాధించిన మొదటి పట్టణముగా పేరుపొందినది కూడ ఈ కొట్టాయమే. 1550లో కట్టిన వలియపళ్ళి అను దేవాలయములో పహ్లవీ భాషలో అక్షరములు చెక్కిన రాతి సిలువలున్నవి. పిల్లలు వాటిమీది అక్షరములను చూచి ఇవి ఏ దేశపు వని అడిగారు. పారసీక దేశపు పాతభాష అని చెప్పి, ఓడల మీద మిరియాల కోసము వచ్చినవారి కథ చెప్పవలసి వచ్చినది.

మరునాడు కుమరకం వెళ్ళి పడవ ఎక్కాము. అది కొట్టాయమునకు సుమారు 14 కిలోమీటర్లు. ఎదుట వేంబనాడు కాయలు సముద్రమువలె పరచుకొని ఉన్నది. దాని దక్షిణపు ఒడ్డుల వెంట కుట్టనాడు. అక్కడి వరిచేలు సముద్ర మట్టమునకు ఒకటి రెండు మీటర్ల దిగువన ఉంటవి. పడవలో కూర్చున్న మనము పైన, నాట్లు వేసిన చేను క్రింద! మధ్యలో మట్టికట్ట ఒక్కటే అడ్డు. మాది కృష్ణా డెల్టా. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన నాటినుండి కాలువనీటిని చేనికి తెచ్చుకొనుటే మా వాళ్ళ పని, మా వాళ్ళ తగాదా కూడ. కుట్టనాటి రైతుకు చేనిలోని నీటిని బయటకు తోడుకొనుట పని. పూర్వము కాలితో త్రొక్కే చక్రములతో తోడేవారట, తరువాత మోటార్లు వచ్చినవి. ఈ సేద్యపు పద్ధతిని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ప్రపంచము కాపాడుకొనదగిన వ్యవసాయ వారసత్వముగా గుర్తించింది. అయితే కట్ట గట్టిగా ఉన్నంతవరకే ఆ సేద్యము. మేము వెళ్ళివచ్చిన మరుసటి ఏడు, 2018 జూలై ఆగస్టులలో వచ్చిన వరదలకు ఆ చేలన్నీ మునిగిపోయినవి. మేము చూచిన కట్టల మీది యిండ్లవారు సామాను వదలి శిబిరములకు పోయారని స్నేహితురాలు చెప్పినప్పుడు మా పిల్లలకు ఆ పూట అన్నము సహించలేదు.

ఇక కూర సంగతి. స్నేహితురాలి తల్లిని అక్కడ అందరు అమ్మచ్చి అని పిలుస్తారు, మేమూ అలాగే పిలిచాము. తెల్లని చట్టా, ముండు కట్టుకొన్న పెద్దావిడ. మలయాళము తప్ప మరొక భాష రాదు. నాకు మలయాళము రాదు. అయినా వంటయింటిలో ఇద్దరు ఆడవాళ్ళకు భాష ఎంత కావాలి? కొబ్బరి కోరుతూ ఆమె ఒక్కొక్క గిన్నె చూపి “ఒన్నాం పాల్, రెండాం పాల్” అన్నది. మొదటి పాలు, రెండవ పాలు అని అర్థమైపోయింది.

రాత్రి భోజనమునకు అప్పములు, దానిలోకి ఇష్టూ వడ్డించింది. ఇంగ్లీషువారి స్ట్యూ అను మాటే మలయాళీల నోట ఇష్టూ అయినది. తెల్లగా, పలుచగా, ఉడికిన బంగాళాదుంప ముక్కలు, నిలువుగా చీరిన పచ్చిమిరపకాయలు, కరివేపాకు తేలుతూ ఉన్నది. కారపుపొడి లేదు, పసుపు లేదు, చింతపండు లేదు, టమాటా లేదు. మా మామగారు ఒక ముద్ద తిని, తెలుగు ఎవరికీ తెలియదన్న ధైర్యముతో, “బాగానే ఉందిగాని ఇది పథ్యపు కూరమ్మా, సంచిలో ఆవకాయ సీసా ఉండాలి చూడు” అన్నారు. ఆయన గోంగూరలో పండుమిరప నంజుకొనే మనిషి. అమ్మచ్చికి సంగతి తెలిసి పడీపడీ నవ్వి, ఆవకాయ తానూ ఒక బద్ద తిని చూచి, ఆ తరువాత నాలుగు గ్లాసుల నీళ్ళు త్రాగింది.

అక్కడి సిరియను క్రైస్తవుల యిండ్లలో క్రిస్మసు ఉదయమున, ఈస్టరు ఉదయమున అప్పము, ఇష్టూ ఉండవలసినదే. ఆ రోజులలో కోడిమాంసమో వేటమాంసమో వేస్తారు. ఈస్టరుకు ముందు 50 దినములు మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు ముట్టని కుటుంబములు నేటికీ ఉన్నవి. కొబ్బరిపాలకు ఆ నిషేధము లేదు కనుక కూరగాయల ఇష్టూ ఉపవాసపు రోజులలోను నడుస్తుంది. పండుగకూ అదే, పథ్యమునకూ అదే. మామగారి మాట అంత తప్పేమీ కాదు.

అంత పాతదిగా కనబడే ఈ కూరలో అతిథులే ఎక్కువ. బంగాళాదుంప, పచ్చిమిరప రెండును అమెరికా ఖండపువి, పోర్చుగీసు వారి రాకతో మన దేశము చేరినవి. పేరు ఇంగ్లీషుది. ఆ గడ్డమీద ముందునుండి ఉన్నవి కొబ్బరి, మిరియము, అల్లము, ఏలకి, కరివేపాకు. 1498లో వాస్కో డ గామా ఓడలు కోళికోడు దగ్గరకు వచ్చినది ఈ మిరియము మొదలైన సుగంధద్రవ్యముల కోసమే. అప్పటికి మన గుంటూరు సీమలో కూడ ఎర్రమిరప లేదు సుమా! మన తాతలకు తాతలు కూరలో కారము కావలసివస్తే మిరియమే దంచుకొన్నారు. ఈ తెల్లకూర మనకు పరాయిది అనుకొనేవారు ఆ సంగతి గుర్తుంచుకొనవలెను.

యింటికి వచ్చిన క్రొత్తలో రెండుసార్లు చేశాను. పిల్లలు “ఇష్టూ అంటే ఇష్టమే” అని పాటలు కట్టారుగాని పెద్దలు ముఖము చిట్లించారు. మూడవసారి చేయలేదు.

2019లో మామగారికి నాలుక క్రింద పుండు కనిపించింది. మానలేదు. ముక్క తీసి పరీక్ష చేసి కాన్సరు అన్నారు. యౌవనము నుండి చుట్ట అలవాటు. ఆపరేషను, ఆపైన ఆరు వారములకు పైగా రేడియేషను. దేవుని దయవలన వ్యాధి లొంగింది. అయితే చికిత్స అయిన తరువాత నోటిలో లాలాజలము ఎండిపోయింది. మిరపకాయ వాసన తగిలితే నిప్పుకణిక పెట్టినట్లు ఉండేది. మెత్తగా, జారుడుగా, కారము పులుపు లేకుండ పెట్టుమని డాక్టరుగారు చెప్పారు. చెప్పుట తేలిక. మా యింట ప్రతి రాత్రి మూడు వంటలయ్యేవి: మా అందరికి మామూలు కూర, అత్తగారికి ఉప్పు తగ్గించి మరొకటి, మామగారికి పాలు పోసి చిదిమిన అన్నము. బడినుండి వచ్చి మూడు గిన్నెలు పొయ్యిమీద పెట్టుట నాకు కష్టమే. అంతకన్న కష్టమైనది వేరే ఉన్నది. సాయంకాల ప్రార్థన వరకు ఆయన మాతో కూర్చొని, ఆమెన్ అనగానే లేచి తన గిన్నె తీసికొని వెనుక గదిలోనికి వెళ్ళిపోయేవారు. తినుటకు గంట పట్టేది, పెదవి ప్రక్కనుండి కారేది, అది పిల్లలు చూడకూడదని ఆయన పట్టుదల. చిన్నవాడు ఒకనాడు “తాతయ్యకు మనమంటే కోపమా?” అని అడిగాడు. గదిలో తలుపు దగ్గరగా వేసికొని ఒక్కడే తింటున్న మనిషి ఏమి తింటున్నాడో, ఎంత వదిలేస్తున్నాడో మాకు తెలిసేది కాదు. చొక్కాలు వదులవుతున్నవని మాత్రము తెలిసేది.

అప్పుడు గుర్తుకు వచ్చింది పథ్యపు కూర.

స్నేహితురాలిని అడిగాను. ఆమె అమ్మచ్చికి ఫోను చేసి కనుగొని వచ్చింది. మిరపకాయలను చీరకుండ, తొడిమతో సహా వేస్తే వాసన వస్తుందిగాని కారము దిగదని, ముక్క చిదుగకముందే తీసివేయవలెనని, మిరియాల పొడి గిన్నెలో వేయక బల్లమీద పెట్టవలెనని అమ్మచ్చి చెప్పిందట. కావలసినవారు కంచములోనే చల్లుకొంటారు. ఒక్క గిన్నె కూర, ఆరుగురికి. అత్తగారికని ఉప్పు కూడ తక్కువే వేసి, ఉప్పు గిన్నెను మిరియాల డబ్బా ప్రక్కన పెట్టాను.

ఇప్పుడు చేసే విధము చెబుతాను. ఆరుగురికి ఒక పెద్ద కొబ్బరికాయ, అరకిలో బంగాళాదుంపలు, రెండు కారట్లు, రెండు ఉల్లిపాయలు, అంగుళము అల్లము, నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు, చిన్న దాల్చినచెక్క ముక్క, నాలుగు లవంగములు, మూడు ఏలకులు. కొబ్బరి కోరి, అర గ్లాసు గోరువెచ్చని నీటితో మిక్సీలో తిప్పి, గుడ్డలో వేసి పిండండి. అది మొదటి పాలు, చిక్కగా ఉంటుంది, వేరుగా ఉంచండి. ఆ పిప్పిలోనే రెండు గ్లాసుల నీరు పోసి మరల తిప్పి పిండితే రెండవ పాలు. మూడవ పాలు కూడ తీసేవారున్నారు. బడి, ఆఫీసు ఉన్నవారికి రెండు చాలును. అంగడిలో దొరికే పొట్లపు కొబ్బరిపాలైనా పనికివస్తుంది. సగము చిక్కగా ఉంచి సగమును నీటితో పలుచన చేసికొనవచ్చు.

గిన్నెలో రెండు చెంచాల నూనె వేడిచేసి లవంగము, చెక్క, ఏలకి వేయండి. కేరళవారు కొబ్బరినూనె వాడుతారు. మన యిండ్లలో కొబ్బరినూనె అనగానే తలనూనె జ్ఞాపకము వచ్చి ముద్ద దిగదు, కనుక నేను వేరుశనగ నూనె వాడుతాను. ఉల్లిపాయ, సన్నగా తరిగిన అల్లము, మిరపకాయలు, సగము కరివేపాకు వేసి సన్నసెగమీద మగ్గనివ్వండి. ఉల్లిపాయ మెత్తబడవలెను, ఎర్రబడకూడదు. ఎర్రబడితే కూర రంగూ పోతుంది, రుచీ మారుతుంది. ఈ దశలోనే మన చేయి తనంతట తానే పోపులపెట్టె మీదికి పోతుంది, పసుపు చిటికెడు, కారము అరచెంచా అని. ఆ చేతిని కొంచెము పట్టుకొనండి. దుంపముక్కలు, కారట్టు వేసి, రెండవ పాలు పోసి, ఉప్పు వేసి, మూతపెట్టి ఉడికించండి. పదిహేను, ఇరువది నిముషములు. దుంప మెత్తబడిన తరువాత నాలుగైదు ముక్కలను గరిటెతో గిన్నె అంచున మెదిపితే పులుసు తనంతట చిక్కబడుతుంది, పిండి కలుపనక్కరలేదు. మిరపకాయలు ఇప్పుడు తీసివేయండి.

చివరకు సెగ బాగా తగ్గించి మొదటి పాలు పోసి, గరిటెతో కలియబెడుతూ ఉండండి. అంచున ఆవిరి లేచి, బుడగ రాబోతున్నదనగా దించాలి. మరిగితే పాలు విరుగుతుంది. చిక్కని కొబ్బరిపాలలో నూనెను నీటితో కలిపి పట్టి ఉంచేవి అందలి మాంసకృత్తులు. ఎక్కువ వేడికి అవి గడ్డకట్టి పట్టు వదలివేయగా నూనె పైకి తేలిపోతుంది. అందుకే చిక్కని పాలు చివర. మిగిలిన కరివేపాకు వేసి మూత పెట్టండి. అయిదు నిముషములు ఆగిన తరువాత మూత తీస్తే ఆ వాసనకు వీధి గదిలో ఉన్నవారు లేచి వస్తారు.

అప్పములకు ముందునాడే పిండి నానబెట్టి, రుబ్బి, పులియబెట్టవలెను. పనిరోజున అది మనవల్ల కాదు. మెత్తని దోసె, ఇడియప్పము, లేదా ఉత్త రొట్టె ముక్కలు చాలును. కేరళలోనే రొట్టెతో తినేవారు ఉన్నారు. మామగారికి నేను మెత్తగా వండిన అన్నములో పోసి పెట్టాను. గుండెజబ్బు ఉన్నవారు ఒక మాట వినవలెను. కొబ్బరిపాలలో కొవ్వు ఎక్కువ. మొదటి పాలు తగ్గించి రెండవ పాలతోనే చేసికొనుడి, డాక్టరుగారిని కూడ అడుగుడి. మా మామగారికి మాత్రము ఆ రోజులలో ఒంటికి కావలసినది ఆ కొవ్వే.

మొదట చేసినది ఒక బుధవారము. బుధవారము మాకు కుటుంబ ప్రార్థన కూడిక. యింటికి వచ్చేసరికి ఎనిమిది దాటుతుంది. కొబ్బరిపాలు ముందే తీసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళాను కనుక నలుబది నిముషములలో అయిపోయింది. అందరి కంచములలోను ఒకటే తెల్లకూర వడ్డించాను. మామగారు అలవాటు చొప్పున తన గిన్నె కోసము చూచారు. వేరే గిన్నె లేదు. “ఇదేమిటమ్మా, అందరికీ ఇదేనా?” అన్నారు. “ఈ పూటకు ఇదే మామయ్యగారూ” అన్నాను. పిల్లలు మిరియాల పొడి చల్లుకొంటున్నారు. ఆయన కొంతసేపు కంచము వంక చూచి, కుర్చీ ముందుకు లాగుకొన్నారు. గంట పట్టింది. మా వారు ఏదో పొలము తగాదా కబుర్లు తీసి ఆ గంటా నడిపించారు. మేము తినుట అయిపోయినా ఎవరమూ లేవలేదు. చెంచాతో చివరి పులుసు వరకు తీసికొని, తువాలుతో పెదవి తుడుచుకొని, “ఆ ముసలావిడకు మన ఆవకాయ ఇంకొక సీసా పంపించు” అన్నారు.

అప్పటినుండి బుధవారము మా యింట ఇష్టూ. ఒకనాడు కారట్టు బదులు బఠాణీలు, ఒకనాడు బీన్సు. సెలవుదినమైతే కోడిముక్కలు వేసి, ముందుగా రెండవ పాలలో బాగా ఉడికిస్తాను. మిగిలిన రోజులలో కూడ క్రమముగా ఆయన బల్లవద్దనే కూర్చొనసాగారు, కూర వేరైనా సరే. వెనుక గదిలో ఇప్పుడు పిల్లల పుస్తకములున్నవి. ఆవకాయ సీసా కొట్టాయమునకు ప్రతి వేసవిలో వెళుతుంది. అమ్మచ్చి ఏలకులు పంపుతుంది. తిన్నదో లేదో మాత్రము చెప్పదు.

ఏడాదిన్నర గడిచిన తరువాత ఒక రాత్రి మామగారు ఏమీ అనకుండ మిరియాల డబ్బా తన వైపునకు జరుపుకొన్నారు. రెండు వ్రేళ్ళతో చిటికెడంటే చిటికెడు తీసి ఒక మూలన చల్లుకొని, ఆ మూల ముందు తిని చూచారు. అత్తగారు వద్దనబోతే మా వారు సైగ చేసి ఆపారు.

కూర మిగిలితే మరునాటి ఉదయమునకు బాగానే ఉంటుంది. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి, కొబ్బరిపాలు బయట ఉంచితే త్వరగా పులిసిపోతుంది. ఉదయము పొయ్యిమీద నేరుగా పెట్టకుండ, వేడినీళ్ళ గిన్నెలో ఆ గిన్నె నిలిపి వెచ్చచేయండి. రొట్టె కాల్చి అందులో ముంచుకొని తింటే పిల్లలు బడికి ఆలస్యము చేయకుండ బయలుదేరుతారు.